దత్తత తీసుకున్న విద్యార్థికి మార్కులు ఎవరు వేయాలి?

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె కోసం దిగేవాళ్లుంటారు, చదువు రొట్టె కోసం దిగేవాళ్లూ ఉంటారు. ఆ రెండు కోరికలు కలిసే చోటు మెడికల్ కాలేజీ. అక్కడ కాబోయే డాక్టరుకు పాఠం చెప్పాల్సింది ప్రొఫెసర్లేనా? జబ్బుతో బతుకుతున్న మనిషికి చోటు లేదా?

రెండేళ్ల కిందట అమ్మీని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. నేను ఓపీ చీటీ డబ్బులు కట్టి వచ్చేలోపే కుర్ర డాక్టరు ఆమెను ఏం ఇబ్బంది అని అడిగాడు. "చక్కర్ ఆరై" అంది అమ్మీ. కళ్లు తిరుగుతున్నాయని అర్థం. అతను చక్కెర అనుకుని, పాత షుగర్ పేషెంట్ అని రాసేశాడు. నేను వచ్చి చెప్తే కొట్టేశాడు. అతనిది చెడ్డ బుద్ధేం కాదు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు, అంతే.

కాగితం మీద దీనికి దారి ఉంది. 2019లో మొదలైన కొత్త ఎంబీబీఎస్ సిలబస్‌లో నైతికత, మాటతీరు నేర్పే 'ఏట్‌కామ్' పాఠాలు చేర్చారు. రోగిగా ఉండటమంటే ఏమిటన్నది అందులో ఒక పాఠం. 2022లో జాతీయ వైద్య కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చింది. 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థి కనీసం 3, వీలైతే 5 కుటుంబాలను చూసుకోవాలి. మొత్తం 78 గంటలు. 2014లో మొదలైన మన ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ మెడికల్ కాలేజీకైనా, ప్రైవేటు కాలేజీకైనా రూలు ఒకటే.

బీకాం చదివినవాడిని కాబట్టి నాకు ముందు జమాఖర్చు కనిపిస్తుంది. కుటుంబం తన సమయం ఇస్తుంది, ఇంటి గుట్టు చెబుతుంది. బదులుగా బీపీ చూస్తారు, హెల్త్ క్యాంపు పెడతారు. మంచిదే. కానీ విద్యార్థి ఏం నేర్చుకున్నాడో తేల్చేది అధ్యాపకులే. "ఈ పిల్లోడు మా మాట విన్నాడా?" అని ఆ ఇంటివాళ్లను అడిగి మార్కులేసే పద్ధతి లేదు. అసలు దత్తత అనే మాటే తలకిందులుగా ఉంది. ముగ్గురు పిల్లల తల్లిని 18 ఏళ్ల కుర్రాడు దత్తత తీసుకోవడమేంటి? ఆమే కదా అతన్ని శిష్యుడిగా తీసుకుంటోంది!

ఇంగ్లండ్‌లో 2003లో మొదలైన సోషల్ వర్క్ డిగ్రీలో సేవలు పొందేవాళ్ల పాత్రను తప్పనిసరి చేశారు. విద్యార్థుల ఎంపికలో, బోధనలో వాళ్లు కూర్చుంటారు. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం డాక్టర్ల, నర్సుల చదువులో వైకల్యం ఒక భాగం కావాలంది. అయినా 2024 ఆగస్టు చివర్లో వచ్చిన వైద్య విద్య మార్గదర్శకాల్లో ఆ పాఠాలు మాయమయ్యాయి. వికలాంగుల, ట్రాన్స్‌జెండర్ల హక్కుల కార్యకర్తలు గట్టిగా అడిగాక, వారం లోపే ఆ మార్గదర్శకాలను వెనక్కి తీసుకున్నారు. నిర్ణయించే చోట మనిషి లేకపోతే పాఠం ఇలాగే ఎగిరిపోతుంది.

మన తీరంలో ఏం చేయొచ్చు? పగలు పదింటికి కాలేజీ బస్సు వస్తే మగవాళ్లు వేటలో, ఆడవాళ్లు రొయ్యల షెడ్డులో ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో, సాయంత్రం పూట వెళ్తే మనుషులు దొరుకుతారు. ఇక కాలేజీకి పిలిస్తే కూలి, చార్జీలు ఇవ్వాలి. టీబీ మందులు ఆరు నెలలు ఎలా మింగిందో చెప్పడానికి యానాది కాలనీ నుంచి వచ్చే అమ్మ కూడా గెస్ట్ లెక్చరరే. చెప్పడం ఇష్టం లేదంటే వదిలేయాలి, దానివల్ల వైద్యం ఆగకూడదు.

చదువుకోని వాళ్లు డాక్టరుకు మార్కులేస్తారా అంటారు. మందు డోసుకు వేయమనడం లేదు. విన్నాడా, అర్థమయ్యేలా చెప్పాడా, మర్యాదగా చూశాడా? ఈ మూడింటికి వాళ్లను మించిన ఎగ్జామినర్ ఎవరు?

2022 మార్చిలో మన శాసనసభ ఉర్దూను రెండో అధికార భాషగా ఆమోదించింది. ఓపీ గదిలోకి ఆ భాష వచ్చేది ఆఫీసు ఉత్తర్వుతో కాదు, మన ఇళ్లలో కూర్చుని నేర్చుకున్న పిల్లలతోనే. కాబట్టి తెల్లకోటు పిల్లలు మీ గడప తొక్కితే వివరాలు చెప్పి పంపేయకండి. చాయ్ ఇచ్చి, మీ మాటలు నేర్పండి.

అమ్మీ ఇప్పుడు డాక్టరు దగ్గర "తల తిరుగుతోంది" అని తెలుగులోనే చెబుతోంది. అరవై దాటిన మనిషి నేర్చుకుంది. డాక్టర్లకు 78 గంటలున్నాయి.