కానుక ఎవరిది?

ఆత్రేయపురంలో ఆదివారం ఆరాధన. వారమంతా పూతరేకులు చుట్టిన చేయి కొంగుముడి విప్పి కానుక సంచిలో పది రూపాయలు వేస్తుంది. అది దేవునికిచ్చిన సొమ్ము. ఆ తర్వాత దానిమీద పెత్తనం ఎవరిది?

సంఘ చరిత్రలో ఇది పాత ప్రశ్నే. యెరూషలేము యాత్రికులను కాపాడతామని 1119 ప్రాంతంలో కొందరు యోధులు సన్యాసుల్లా ప్రమాణం చేసి కత్తి పట్టారు. వారే టెంప్లర్లు. పేతురు కత్తిని ఒరలో పెట్టించిన ప్రభువు పేరిటే (మత్తయి 26:52) ఇదంతా! ఐరోపా విశ్వాసులు వారికి పొలాలు, మరలు, చివరకు ఊరి చర్చిలు కూడా రాసిచ్చారు. 1139లో పోపు రెండవ ఇన్నోసెంట్ వారిని స్థానిక బిషప్పుల అజమాయిషీ నుంచి తప్పించాడు. అలాంటి ఊళ్లలో రైతు దశమభాగం తరచూ యోధుల ఖజానాకు చేరేది. ఊళ్లో ఉండి మందను కాసే పాదిరికి అందులో కొంతే దక్కేది.

1291లో ఏకర్ పట్టణం పడిపోయింది. కాపాడవలసిన దేశం చేజారింది, ఆస్తి మాత్రం మిగిలింది. అదే వారికి ఉరి అయింది. వారికి బాకీపడ్డ ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ 1307 అక్టోబరు 13న వారిని బంధించి, చిత్రహింసలతో నేరాలు ఒప్పించాడు. 1312లో పోపు ఆ వ్యవస్థనే రద్దుచేసి, ఆస్తులను హాస్పిటలర్లనే మరో యోధ వర్గానికి అప్పగించాడు. యజమాని మారాడు గాని, చాలాచోట్ల రైతు కానుక ఊరు దాటుతూనే ఉంది.

మన డెల్టాకు సువార్త వేరే దారిన వచ్చింది. 1836లో ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ జీతానికి హామీ ఇచ్చే సంస్థ ఏదీ లేకుండానే నరసాపురం ప్రాంతంలో పరిచర్య మొదలుపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కూలీలకూ వాక్యం చెప్పారు. వారి చేత కత్తి లేదు, ఎస్టేటూ లేదు.

నేడు మన సంఘాలకు స్థలాలున్నాయి, భవనాలున్నాయి. వాటికోసం సహోదరుల మీదే కోర్టుకెక్కేవారూ ఉన్నారు. కానుకల విషయంలో తనమీద నింద రాకూడదని పౌలు ఇతర సహోదరులను వెంటబెట్టాడు (2 కొరింథీ 8:18-21). మనమెందుకు వెనుకాడాలి? లెక్కలు సంఘం ముందు చదువుదాం. పత్రాలు వ్యక్తుల పేరిట కాక సంఘం పేరిట ఉంచుదాం. కాపరి ఆకలి, విధవరాలి అవసరం ముందు చూద్దాం.

బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే కాలువ గోదావరి నీటిని తనకోసం దాచుకోదు, పొలాలకు పంపుతుంది. సంఘపు సొమ్మూ అలా పారాలి. అప్పుడే ఆ పది రూపాయలు దేవునికి చేరినట్టు.