పక్కవారి పళ్లెం ముందు



ఎదుటివారి పళ్లెంలోకి చూసి "ఛీ" అనడం చిన్న సంగతి అని చాలామంది అనుకుంటారు. మేము అలా అనుకోము. ఆ ఒక్క మాటతో ఒక మనిషిని, అతని తల్లి చేతి వంటను, అతను పుట్టిన ఊరిని కలిపి తోసిపారేస్తాం. ఈ సంగతి చెప్పడానికి జపాన్‌లోని ఒక కొండ ఊరి భోజనబల్లను మీ ముందు పెడుతున్నాం.

ఆ ఊరు కరుయిజావా. నాగానో ప్రాంతంలో, అసామా అనే అగ్నిపర్వతం దిగువన, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. మనకు ఊటీ ఎలాగో టోక్యోవారికి అది అలాగ. 1886లో అలెగ్జాండర్ క్రాఫ్ట్ షా అనే కెనడా మిషనరీ అక్కడి చల్లదనానికి ముచ్చటపడి, 1888లో వేసవి ఇల్లు ఏర్పరచుకున్నాడు. ఆ తరువాతే అది విడిది ఊరుగా పేరుపొందింది. ఆయన జ్ఞాపకార్థం పిలిచే చెక్క చర్చి ఇప్పటికీ అక్కడ ఉంది. టోక్యోలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలతో కలిసి ఆ ఊరు వెళ్లిన రోజు, మధ్యాహ్నం సుషీ హోటల్లో కూర్చున్నాం. మాతో ఉన్నవారి నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. కొండమీద సముద్రపు చేప ఏమిటి? పచ్చి చేపను మనుషులు తింటారా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ముఖం చిట్లించుకుని అడిగితే జవాబు చెవికెక్కదు.

మొదటి ప్రశ్నకు జవాబు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. సుషీ పుట్టుకే చేప నిలవ చేసుకోవడంలో ఉంది. చేపకు ఉప్పు పట్టించి, అన్నంలో కూరి, నెలల తరబడి పులియబెట్టేవారు. అన్నం పులుపు చేపను పాడవకుండా కాపాడేది. బివా సరస్సు చుట్టుపక్కల ఫునాజుషి అనే పేరుతో ఈ పద్ధతి నేటికీ బ్రతికి ఉంది. సుషీ అనే మాటకు మూలార్థం కూడా పులుపే. పులిసిన అన్నం విలువ తరవాణి తాగి పెరిగిన మనకు ఒకరు చెప్పాలా? ప్రయాణానికి పులిహోర కట్టుకుపోయే మనకు పులుపు అన్నాన్ని ఎందుకు కాపాడుతుందో తెలియదా? ఇప్పుడు మనం చూసే, వెనిగర్ అన్నపు ముద్దమీద చేపముక్క పెట్టి చేత్తో అదిమే సుషీ, 19వ శతాబ్దం మొదట్లో ఎదో పట్టణంలో, అంటే నేటి టోక్యోలో, వీధి బండ్ల దగ్గర పనివాళ్లు నిలబడి తిన్న తిండి.

నాగానోకు సముద్రం లేదు. పూర్వం ఇతోయిగావా తీరం నుంచి మాట్సుమొతో వరకు దాదాపు 120 కిలోమీటర్ల ఉప్పు దారిలో, ఎద్దుల మీదా మనుషుల వీపుల మీదా ఉప్పు, ఉప్పుచేప కొండలెక్కాయి. మన తీరపు ఎండుచేపలు మన్యం సంతలకు ఎక్కినట్టే. చేప దొరకని చోట ఆ కొండవాళ్లు ఏం చేశారు? వెదురు జాతి ఆకులో వెనిగర్ అన్నం పెట్టి, దానిమీద కొండకూర, పుట్టగొడుగులు, అక్రోటు పప్పు వేసి ఈయామా వైపు సాసాజుషి అనే పేరుతో తిన్నారు. మరోవైపు, సముద్రపు చేపకు ఘాటునిచ్చే వసాబి పెరిగేది కొండ ఊటనీళ్లలో. అదే నాగానోలోని అజుమినోలో వసాబి తోటలు పేరుమోశాయి. అంటే ఆ చిన్న ముద్దలో సముద్రం కొండకు రుణపడింది, కొండ సముద్రానికి రుణపడింది.

ఇక పచ్చి చేప మాట. పచ్చిది అంటే అజాగ్రత్తగా పెట్టింది అని కాదు. అనిసాకిస్ అనే పురుగు చావాలంటే చేపను −20 డిగ్రీల చలిలో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. మనం పొయ్యి మీద తీసుకునే జాగ్రత్తను వాళ్లు చలిలో, కత్తిలో, చేతి శుభ్రతలో తీసుకుంటారు. పైగా సుషీ అంతా పచ్చిది కాదు. గుడ్డు అట్టుది ఉంది, ఉడికించిన రొయ్యది ఉంది, దోసకాయది ఉంది. గర్భిణులు, ఒంట్లో బలం తగ్గినవారు పచ్చిది మానుకోవడమే మంచిది. మిగతావారికీ బలవంతం ఏమీ లేదు. వద్దండి అని మర్యాదగా చెప్పడం పాపం కాదు. తినకపోవడం వేరు, తినేవాణ్ణి తక్కువగా చూడడం వేరు. మా అభిప్రాయమంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

ఎందుకంటే ఈ తేడా తెలియక మన ఊళ్లలో ఎన్నో మనసులు విరిగాయి. ఎండుచేపల వాసన వస్తుందని అద్దెకు ఇల్లు ఇవ్వనివారు ఉన్నారు. బడిలో క్యారేజీ మూత చాటు చేసుకుని తినే పిల్లలు ఉన్నారు. తిండిని బట్టి కులం లెక్కగట్టి, గ్లాసు వేరుగా పెట్టిన చరిత్ర మన పల్లెలది. చెప్పడానికి బాధగా ఉంది గాని, ప్రేమవిందులో సైతం "ఎవరు వండారు?" అని అడిగి చెయ్యి వెనక్కి తీసుకునేవారిని చూశాం. జపాన్‌వాళ్ల చేపను చూసి నవ్వే నోరు, పక్కింటి కుండను చూసి ఊరుకుంటుందా? ఆ అలవాటు రెండు చోట్లా ఒకటే.

యొప్పేలో సముద్రపు ఒడ్డున, చర్మకారుడైన సీమోను ఇంటి మేడమీద పేతురు చూసిన దర్శనం మీకు తెలుసు. ఆ పాఠం తిండితో మొదలై మనుషుల దగ్గర ముగిసింది. ఆ దర్శనం తరువాతే ఆయన కొర్నేలీ గడప తొక్కగలిగాడు. పళ్లెం దగ్గర ఆగిపోయినవాడు గడప దాకా రాలేడు.

జపాన్‌వాళ్లు భోజనం ముగిశాక గోచిసోసామా అంటారు. అందులోని చిసో అనే మాటకు మూలార్థం అటూ ఇటూ పరుగెత్తడం. అతిథికి పెట్టడం కోసం ఎవరో పరుగులు పెట్టి అన్నీ సమకూర్చారు, వారికి కృతజ్ఞత అని దాని భావం. ప్రియులారా, వచ్చే ప్రేమవిందులో మన ముందుకు వచ్చే ప్రతి గిన్నె వెనక కూడా అలా పరుగెత్తిన ఒక తల్లి ఉంటుంది. ఆమె పెట్టింది కొంచెమైనా రుచి చూడండి. ఒంటికి పడకపోతే ఆమె కళ్లలోకి చూసి, "అమ్మా, కష్టపడి చేశావు" అని చెప్పండి.