వెనక్కి తీసుకునే బండికి వెల కట్టేదెవరు?

2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో విద్యుత్ ద్విచక్ర వాహనాలు వరుసగా కాలిపోవడం దేశమంతటా కలవరం రేపింది. వేలూరులో ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటరు కాలిపోయి తండ్రీకుమార్తెలు, నిజామాబాదులో బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు, విజయవాడలో ఒక గృహస్థు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 వాహనాలను రీకాల్ చేశాయి. అయితే అవి ప్రధానంగా తనిఖీకి, మరమ్మతుకు పిలిచినవే. బండి బాగుపడే స్థితిలో లేనప్పుడు దానిని తయారీదారు ఎంతకు తిరిగి కొనాలన్న ప్రశ్న అప్పుడు తేలలేదు, నేటికీ తేలలేదు.

చట్టం లేకపోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఎ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశిస్తే తయారీదారు పూర్తి ధర చెల్లించాలి, లేదా సమానమైన వాహనం ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. ఈ మూడింటిలో ఏది అన్న ఎంపిక కొనుగోలుదారుదని మాత్రం అందులో లేదు. పైగా 2021 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనలు తయారై 7 ఏళ్లు నిండని బండ్లకే వర్తిస్తాయి. అంటే పాత బండ్లు ఒక్కొక్కటిగా ఈ రక్షణ గొడుగు దాటిపోతున్నాయి.

'మార్కెట్ ధర ఇస్తాం' అన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బ్యాటరీ ప్రమాదకరమని ప్రకటించాక ఆ బండిని కొనేవారెవరు? తన లోపం వల్ల పడిపోయిన ధరనే తయారీదారు కొలమానంగా చూపడం న్యాయం కాదు. లోపం లేకుంటే ఆ వయసు బండికి ఎంత పలికేదో అదే కనీస ధర కావాలి.

సబ్సిడీ లెక్క కూడా ఉన్నది. 2021 జూన్ నుంచి కిలోవాట్ అవర్‌కు 15,000 రూపాయలున్న కేంద్ర సాయం 2023 జూన్‌లో 10,000కు, 2024 ఏప్రిల్‌లో 5,000కు తగ్గింది. రెండు కిలోవాట్ అవర్ల బ్యాటరీ గల బండికి 30,000 వరకు అందిన సాయం 10,000కు దిగిందన్నమాట. నాడు చెల్లించిన సొమ్ము యథాతథంగా తిరిగి ఇచ్చినా దానితో అదే స్థాయి కొత్త బండి రాకపోవచ్చు. అప్పుపై కొన్నవారి విషయంలో ఆ సొమ్ము ముందు ఫైనాన్స్ సంస్థకే చేరుతుంది.

గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు బండ్ల పరిస్థితి మరీ దయనీయం. వాటిని చట్టం మోటారు వాహనాలుగానే పరిగణించదు, రిజిస్ట్రేషన్ ఉండదు. కనుక 110ఎ రక్షణ వాటికి లేదు, యజమాని చిరునామా రవాణా శాఖ దస్త్రాలలో దొరకదు.

సరిహద్దు కుటుంబాలకు ఒక ఊరట ఉన్నది. హిందూపురంలో కొన్న బండిపై పావగడ వాసి, టెక్కలిలో కొన్నదానిపై పర్లాకిమిడి వాసి తమ సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ వీలు కల్పించింది. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, వ్యాజ్య కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. కొన్న రసీదు, రుణపత్రాలు, ఛార్జరు బిల్లు, సర్వీసు కాగితాలు భద్రపరిస్తేనే ఈ హక్కుకు బలం.

వ్యక్తిగత వ్యాజ్యాలతో మాత్రం సమస్య తీరదు. తిరుగు కొనుగోలు ధరను నిర్ణయించే సూత్రాన్ని ప్రభుత్వమే నిబంధనలలో చేర్చాలి. లేనంతవరకు, లోపం తయారీదారుదైనా నష్టం మాత్రం కొన్నవారి నెత్తినే పడుతుంది.