పరదేశపు పిల్లలకు బాడుగ ఇల్లు ఎవరిస్తారు?

కర్ణాటక కాలేజీలకు విదేశీ విద్యార్థులు తగ్గిపోయారన్న మాట తరచు వింటున్నాం. లెక్కలు చూస్తే నిజమే. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య మీద చేసే సర్వే ప్రకారం 2019-20లో మన రాష్ట్రంలో 10 వేలకు పైగా విదేశీ పిల్లలు చదివారు. దేశంలో మొదటి స్థానం మనదే. 2021-22కి ఆ సంఖ్య 6 వేల లోపుకి పడిపోయింది, పంజాబ్ ముందుకెళ్ళింది. మధ్యలో కరోనా వచ్చింది, కాదనను. కానీ కరోనా పంజాబ్‌కీ వచ్చింది కదా!

ప్రభుత్వాలు చేసేవి చేస్తూనే ఉన్నాయి. 2018లో కేంద్రం ‘స్టడీ ఇన్ ఇండియా’ మొదలుపెట్టింది. 2022లో యూజీసీ, ఉన్న సీట్లకు అదనంగా 25 శాతం దాకా విదేశీ విద్యార్థులకు ఇచ్చుకోవచ్చని చెప్పింది. ఇక్కడొక సంగతి గమనించాలి. ఇవి అదనపు సీట్లు. “మన పిల్లలకే సీట్లు లేవు, వాళ్ళకెందుకు?” అని మనవాళ్ళు అంటుంటారు గానీ, ఆ లెక్కన మన పిల్లవాడి సీటు ఎవరూ తీసుకోవడం లేదు.

సీటు సరే. వచ్చిన పిల్లవాడు రాత్రి ఎక్కడ పడుకోవాలి? నా మటుకు అసలు చిక్కు అక్కడే ఉంది.

మణిపాల్ లాంటి చోట హాస్టళ్ళున్నాయి, ఊరే విద్యార్థుల ఊరు. బెంగళూరులో అలా కాదు. బీసీఏ, బీకాం, ఫార్మసీ, నర్సింగ్ చదువుల కోసం నేపాల్ నుంచో, సూడాన్ నుంచో, టాంజానియా నుంచో వచ్చినవాళ్ళు చాలామంది బయట గది చూసుకోవాల్సిందే. గేటుకు టు-లెట్ బోర్డు ఉంటుంది, మనిషిని చూడగానే “ఇల్లు అయిపోయిందప్పా” అంటారు. మర్నాడు కూడా బోర్డు అక్కడే ఉంటుంది. ఒప్పుకున్నవాళ్ళు కూడా ఊళ్ళోవాళ్ళకంటే ఎక్కువ అడ్వాన్స్ అడుగుతారు.

2016 జనవరి చివర్లో ఇదే ఊళ్ళో ఏం జరిగిందో గుర్తుందా? వేరే దేశస్థుడి కారు కింద పడి ఒకామె చనిపోతే, దానితో ఏ సంబంధమూ లేకుండా ఆ దారిన వచ్చిన టాంజానియా విద్యార్థిని మీద గుంపు పడి కొట్టింది. ఆమె వచ్చిన కారు తగలబెట్టారు. ఆ వార్త వాళ్ళ దేశంలో ఎన్ని ఇళ్ళల్లో చదివి ఉంటారు! ఎన్ని ఎడ్యుకేషన్ ఫెయిర్లు పెడితే ఆ ఒక్క వార్త మరుగున పడుతుంది?

ఇదంతా మన ఇంటి పేజీలో ఎందుకంటే, ఆ గేటుకు లోపలివైపు ఉన్నది మనం కూడా గనుక. మన తాతలు ఈ ఊరికి వచ్చినప్పుడు వాళ్ళూ బయటివాళ్ళే. కన్నడం అంగట్లో నేర్చుకున్నారు, తెలుగు వంటింట్లో నిలుపుకున్నారు. వాళ్ళకు ఎవరో ఒకరు ఒక గది ఇచ్చారు. ఈరోజు మన చుట్టాల్లో సొంతిల్లు కట్టి, కిందో మీదో ఒక పోర్షన్ బాడుగకు ఇవ్వని ఇల్లు అరుదు. మరోపక్క మన పిల్లలే పరదేశాల్లో ఉన్నారు. 2023-24లో అమెరికాలో చదివే భారతీయులు 3,31,000 పైచిలుకు. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎందరో మీకు వేరే చెప్పాలా? అక్కడ మన అమ్మాయికి ఇల్లు దొరకలేదంటే అత్తయ్యలందరూ కలిసి బాధపడతాం. అదే బాధ కంపాలాలో ఒక తల్లికీ ఉంటుంది.

ఇల్లిచ్చేవాళ్ళ భయాలు ఉత్తవని నేను అనను. పోలీసుల గొడవ ఎందుకని కొందరు వెనకాడతారు. నిజానికి పని కొంచెమే. విదేశీయులకు ఇల్లిచ్చిన 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. 180 రోజులకు మించిన స్టూడెంట్ వీసా అయితే ఆ విద్యార్థి తన పేరు వచ్చిన 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఉత్తరం చూసి, కాగితం మీద అగ్రిమెంటు రాసుకుంటే సరి. వంట వాసన, రాత్రి పాటలు అంటారా, అవి మన ఊరి కుర్రాళ్ళతో లేవా? మొదటిరోజే షరతులు చెప్పి, అందరికీ ఒకటే షరతులు పెట్టండి.

కాలేజీలూ ఫీజు తీసుకుని చేతులు దులుపుకోకూడదు. బాడుగ అగ్రిమెంటుకు కాలేజీ పూచీ ఉంటే ఇంటివాళ్ళకు ధైర్యం. మొదటి నెలలోనే బస్సులో, కూరగాయల బండి దగ్గర పనికొచ్చే నాలుగు కన్నడ మాటలు నేర్పాలి. భాష రాకపోతే మనిషి ఎంత ఒంటరో మన పెద్దవాళ్ళనడిగితే చెబుతారు.

లాభం ఫీజులతోనే ఆగదు. అఫ్ఘానిస్తాన్ అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ సిమ్లాలో చదువుకున్నాడు. ఇక్కడి చదువు అక్కడ ఎంత పెద్ద కుర్చీ దాకా వెళ్ళగలదో ఎవరికి తెలుసు? అందరూ అధ్యక్షులు కానక్కర్లేదు. ఊరికెళ్ళి “బెంగళూరు మంచి ఊరు, నన్ను బాగా చూసుకున్నారు” అని తమ్ముడికి చెబితే చాలు. అంతకు మించిన ప్రచారం ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఈ జూన్‌లో మన బంధువుల్లో ఎవరి పోర్షన్ ఖాళీ అయినా, తలుపు తట్టిన పిల్లవాడి రంగు చూడకముందు కాగితాలు చూడండి. అవి సరిగ్గా ఉంటే తాళంచెవి ఇవ్వండి.