తల్లిని చూపించని చోట పిల్లికూనను కొనకండి

హైదరాబాద్‌లో ఇప్పుడు పర్షియన్ పిల్లికూనను కొనడం అరగంట పని. ఫోన్‌లో ఫొటో చూస్తారు, డబ్బు పంపిస్తారు, సాయంత్రానికల్లా బుట్టలో కూన ఇంటికొచ్చేస్తుంది. వారం తిరక్కుండానే తుమ్ములనో విరేచనాలనో ఆ బుట్టను నా క్లినిక్‌కు పట్టుకొస్తారు. పశువైద్యురాలిగా నేను వాళ్లను మొదట అడిగేది ఒకటే: ‘దీని తల్లిని చూశారా?’ చూశామనేవాళ్లు చాలా తక్కువ.

పాడిని చూసి బర్రెను కొనమని మన పెద్దలు ఊరికే అనలేదు. పర్షియన్లలో పీకేడీ అనే కిడ్నీ జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. పుట్టుకతోనే కిడ్నీల్లో చిన్న చిన్న నీటితిత్తులు మొదలై ఏళ్ల తరబడి పెరుగుతాయి. సాధారణంగా ఏడేళ్ల ప్రాయంలో, పిల్లి ఇంట్లో మనిషైపోయాక, జబ్బు బయటపడుతుంది. అప్పటికి నేను చేయగలిగింది పెద్దగా ఉండదు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉన్నా ప్రతి కూనకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2004లోనే గుర్తించారు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది తీసిన నమూనాతో పరీక్ష అయిపోతుంది. తల్లికీ తండ్రికీ ఆ రిపోర్టు ఉందా అని అడగండి. ‘మా పిల్లులకు ఏ జబ్బూ లేదు మేడమ్, గ్యారంటీ’ అన్న మాట రిపోర్టు కిందకు రాదు.

ఇక ముఖం. డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అని అమ్మేవాళ్లు మూడు రకాలు చెబుతారు. ముక్కు ఎంత లోపలికి అణిగితే ధర అంత ఎక్కువ. కూనను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడండి. ముక్కు చివరి తడి చర్మపు పైఅంచు కింది కనురెప్ప అంచు కంటే పైకి ఉండకూడదని బ్రిటన్‌లో పిల్లుల జాతులను నమోదు చేసే జీసీసీఎఫ్ ప్రమాణం. పైకి ఉంటే ఆ కూనను వద్దనండి. అణిగిన ముఖంలో కన్నీటి నాళం మెలిక పడి, నీరు ముక్కులోకి దిగే దారి లేక చెంప మీదికి కారుతుంది. అక్కడి బొచ్చు గోధుమరంగుకు తిరిగి అట్టకడుతుంది, కింద చర్మం ఒరుసుకుపోతుంది. కూనను చెవి దగ్గర పెట్టుకుని వినండి. నిద్రలో ఉన్నా గురగుర వినబడితే దానికి ఊపిరి కష్టమవుతోందని అర్థం. మన మే నెల ఎండల్లో అలాంటి పిల్లి నోరు తెరుచుకుని రొప్పుతుంటే చూడలేం. అందుకే ముక్కు కాస్త బయటికున్న డాల్ ఫేస్ కూననే తీసుకోమంటాను. బొచ్చు ‘ట్రిపుల్ కోట్’ అని అదనంగా అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి. అలాంటి జాతి ఏదీ లేదు.

మడత చెవుల స్కాటిష్ ఫోల్డ్ జాతి అయితే అసలే వద్దంటాను. చెవి మడతపెట్టే జన్యువే ఒంట్లోని మృదులాస్థినంతా పాడుచేసి కీళ్లను బిగదీస్తుంది.

వయసు సంగతి చాలామంది పట్టించుకోరు. అరచేతిలో ఇమిడే ముప్ఫై, నలభై రోజుల కూనలను అంటగడుతున్నారు. పన్నెండు వారాలు తల్లి దగ్గర, తోబుట్టువులతో పెరిగిన కూనకు ఎంత గట్టిగా కరవాలో, గోళ్లెప్పుడు లోపలికి తీయాలో తెలుస్తుంది. టీకా కార్డులో సీసా మీది స్టిక్కర్, తేదీ, డాక్టర్ సంతకం ఉన్నాయా చూడండి. బొచ్చు విడదీసి, గుండ్రంగా ఊడిన మచ్చల కోసం వెతకండి. అవి తామర మచ్చలు కావచ్చు, తామర ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. కూనల సందడి అక్కర్లేదనుకుంటే, ఈతలు మాన్పించిన పెద్ద పిల్లిని ఇస్తారేమో అడగండి. దాని ముఖం, గుణం, ఆరోగ్యం అన్నీ అప్పటికే తెలిసినవై ఉంటాయి.

కుక్కలను ఈనించి అమ్మేవాళ్లకు కేంద్రం 2017లో, పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో నిబంధనలు తెచ్చింది. అపార్ట్‌మెంట్ గదుల్లో పిల్లులను ఏటా ఈనించేవాళ్ల కోసం విడిగా రాసిన నిబంధనలు లేవు. ఒక తల్లికి ఏడాదికి ఎన్ని ఈతలు, ఏ పరీక్షలు, ఎన్ని వారాలకు అమ్మకం అన్నది రెండు తెలుగు రాష్ట్రాల జంతు సంక్షేమ బోర్డులు కేంద్రంతో రాయించాలి. అంతవరకూ ఆ పని కొనేవాళ్లదే. తల్లిని చూపించమని అడగండి, కుదరదంటే డబ్బు పంపకండి.