డాక్టరమ్మ కంటే ముందే వచ్చిన రిపోర్టు

మా చెల్లెలు రొమ్ము క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచీ అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఒకటే బెంగ. మొన్న జన్యు పరీక్ష చేయించుకుంది. శుక్రవారం రాత్రి డాక్టరమ్మ కంటే ముందు రిపోర్టే దాని సెల్‌ఫోన్లోకి వచ్చేసింది! ‘బి.ఆర్.సి.ఎ.2 జన్యువులో మార్పు ఉందిటమ్మా, ఆపరేషన్ చేయించేసుకుంటాను’ అని ఏడుపు.

పరీక్ష ఫలితాలు పేషెంటుకి ఆలస్యం లేకుండా కంప్యూటర్లో కనబడాలని అక్కడ 2021 ఏప్రిల్ నుంచి నియమంట. మన రిపోర్టు మనకి రావలసిందే, కాదనను. కానీ విడమరిచి చెప్పే మనిషి సోమవారందాకా దొరక్కపోతే ఆ రెండు రోజులూ ఎలా గడుస్తాయి? దానికీ నిద్ర లేదు, ఇక్కడ నాకూ లేదు.

సోమవారం కౌన్సెలర్ చెప్పిందిట: అది ‘ప్రాముఖ్యం తేలని మార్పు’. అంటే జన్యువులో తేడా కనబడింది గానీ, అది జబ్బు తెచ్చేదో కాదో ఇంకా తెలీదు. ఇలాంటివి తర్వాత తేలినప్పుడు ఎక్కువ భాగం హానిలేనివే అవుతాయిట. దాన్ని చూసి ఆపరేషన్‌కి వెళ్ళరు. అదే జబ్బు తెచ్చే మార్పని తేలితే సంగతి వేరు. అప్పుడు పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం.

మీ ఇంట్లో ఎవరైనా ఈ పరీక్షకి వెళితే, రక్తం ఇచ్చేటప్పుడే అడగండి: ఫలితం ముందు ఎక్కడికొస్తుంది, ఎవరు చెబుతారు, ఏ రోజు? ఫోన్లోకి వచ్చినా ఆ మనిషి ఎదుటే తెరవచ్చు కదా!

మా అమ్మాయి ఆపరేషన్ మాట మానేసింది. మామోగ్రాం తేదీ మాత్రం క్యాలెండర్లో రాసుకుంది.