కూర్చోలేని బెంచీలు ఎవరి కోసం?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కొత్తగా కట్టిన బస్ షెల్టర్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ బెంచీ తళతళలాడుతోంది. దానిమీద ఎవరూ లేరు. పక్కనే స్తంభం నీడలో, నేలమీద ముగ్గురు ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. "బెంచీ ఖాళీగానే ఉంది కదమ్మా" అన్నాను. "ఎందుకు ఖాళీగా ఉందో నువ్వే కూర్చుని చూడు నాయనా" అంది వాళ్లలో పెద్దావిడ. కూర్చునే ముందు అరచేయి ఆనించి చూశాను. ఆనించిన చేయి వెంటనే వెనక్కి వచ్చేసింది.

ఆ బెంచీ చూడటానికి బాగుంది. తుప్పు పట్టదు, చెద తినదు, ఎవరూ ఎత్తుకుపోలేరు. కానీ అవసరమైన వేళ దానిమీద మనిషి కూర్చోలేడు. ఫర్నిచర్ డిజైన్ గురించి మాట్లాడేటప్పుడు మనం ఆకారం, రంగు, ధర చూస్తాం. మన ఎండలో అది శరీరానికి తగిలితే ఏమవుతుందో మాత్రం కొలవం. కొలవాలన్నదే నా వాదన.

ఒక చిన్న లెక్క చూద్దాం. స్టీల్ బెంచీ, టేకు బెంచీ రెండూ 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నాయనుకుందాం. మన చర్మం సుమారు 34 డిగ్రీలు. రెండు వస్తువులు తాకిన క్షణంలో మధ్యనుండే ఉష్ణోగ్రత, వాటిలో ఏది వేడిని ఎక్కువ చురుగ్గా ఇచ్చిపుచ్చుకోగలదో దాని వైపు మొగ్గుతుంది. ఈ గుణాన్ని భౌతికశాస్త్రంలో థర్మల్ ఎఫ్యూజివిటీ అంటారు. ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం మూడూ కలిసి దీన్ని నిర్ణయిస్తాయి. ఉక్కుకు ఇది చర్మంకన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువ. కర్రకు చర్మంలో మూడో వంతు మాత్రమే. అందుకే ఉక్కును తాకితే చర్మం దగ్గర సుమారు 52 డిగ్రీలు, కర్రను తాకితే 39 డిగ్రీలు అవుతుంది. ముదురు రంగు కర్ర ఎండకు ఇంకాస్త వేడెక్కి 60కి చేరినా, చర్మం దగ్గర 41 దాటదు.

మనకు నొప్పి తెలిసేది సుమారు 43 డిగ్రీల దగ్గర. వేడి వస్తువులను తాకడంపై ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ఒక నిమిషం పాటు ఆనుకుని ఉంటే 51 డిగ్రీల వద్దే చర్మం కాలే ప్రమాదం మొదలవుతుంది. ఈ లెక్క దళసరి వస్తువులకు సరిగ్గా వర్తిస్తుంది. పలుచని రేకు కూర్చున్నాక కొంత చల్లారుతుంది, మధ్యలో బట్ట అడ్డు ఉంటుంది. కానీ ఆ మొదటి చురకే మనిషిని లేపేస్తుంది. పసిపిల్లల మెత్తని చర్మానికి, చక్కెర జబ్బుతో స్పర్శ తగ్గిన వాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇంకో విషయం. మెరిసే లోహం ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి చల్లగా ఉంటుందని అనుకుంటాం. నిజానికి అది తనలో చేరిన వేడిని పరారుణ కిరణాలుగా బయటికి పంపడంలో చాలా బద్ధకస్తురాలు. అదే ఉక్కుకు తెల్ల రంగు వేస్తే ఎండను తక్కువ పీల్చుకుంటుంది, వేడిని బాగా వదిలేస్తుంది. అంటే ఇప్పుడున్న బెంచీలకు ఒక పూత తెల్ల రంగు వేసినా కొంత మేలు.

మనకు ఇది కొత్త జ్ఞానం కాదు. నులక మంచం, నవారు మంచం చూడండి. అల్లికలో సందులుంటాయి, కింద గాలి ఆడుతుంది, ఒంటికి తగిలే పదార్థం తక్కువ. వెన్ను కింద చెమట ఆరుతుంది. పగలు చెట్టు కింద, రాత్రి ఆరుబయట, వాన వస్తే వసారాలో, ఒక్క మంచమే ఇంటా బయటా పనికొచ్చేది. 1950ల్లో చండీగఢ్ కార్యాలయాల కోసం పియర్ జనరే బృందం తయారుచేయించిన కుర్చీల్లోనూ ఇదే తెలివి ఉంది: టేకు చట్రం, పేము అల్లిక. పాతబడ్డాయని మనం మూల పడేసిన ఆ కుర్చీలు తర్వాత విదేశీ వేలంపాటల్లో లక్షలు పలికాయి. మనమేమో ఫోమ్, రెక్సిన్ కుర్చీలకు మారాం. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు కూడా సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. ఫోమ్ ఆ దారిని మూసేస్తుంది, మనం ఏసీ పెంచుతాం.

కర్ర బయట మన్నదు కదా అని ఇంజనీర్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వానకు ఉబ్బుతుంది, చెద పడుతుంది, దొంగలూ ఉంటారు. ప్లాస్టిక్ కుర్చీ అంతగా కాలదు, కానీ పాలీప్రొపిలీన్‌ను ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రమంగా పెళుసు చేస్తాయి. తగిన రక్షక రసాయనాలు కలపకపోతే కాళ్లు విరుగుతాయి. కాంక్రీటు బల్ల పగటి వేడిని దాచుకుని సాయంత్రం దాకా వదులుతుంది. ఏ పదార్థమూ అన్నిటికీ సరిపోదు. అందుకే కలపాలి: బరువు మోసే చట్రం ఉక్కుతో, ఒంటికి తగిలే పట్టీలు శుద్ధిచేసిన కర్రతోనో వెదురుతోనో. పట్టీల మధ్య నీరు జారేందుకు, గాలి ఆడేందుకు సందులు. పాడైన పట్టీని ఒక్కదాన్నే మార్చుకునే బోల్టులు. అన్నిటికన్నా ముందు, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ పడుతుందో చూసి బెంచీ వేయడం.

టెండర్ పత్రంలో ఉక్కు గ్రేడు రాస్తాం, మందం రాస్తాం. ఇంకొక్క వాక్యం చేర్చమంటున్నాను: వేసవి మధ్యాహ్నం దీనిమీద చేయి ఆనిస్తే చర్మం దగ్గర ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటకూడదు. ఉపరితల ఉష్ణోగ్రత తెలిస్తే మిగతాది పైన చెప్పిన లెక్కే. దాన్ని కొలవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పరారుణ థర్మామీటర్ చాలు. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది కాబట్టి, ముందు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, కాసేపాగి, దానిమీద కొలవాలి. పదో తరగతి పిల్లలు కూడా తమ ఊరి బస్టాండులో చేయగలిగిన ప్రయోగం ఇది.

వడగాలుల రోజుల్లో నీడన పది నిమిషాలు కూర్చోగలగడం విలాసం కాదు, ఆరోగ్య రక్షణ. ఆ బెంచీ డబ్బు ఆ ముగ్గురిది కూడా. వాళ్లు నేలమీద కూర్చున్నంతకాలం ఆ డిజైన్ ఎంత మెరిసినా పూర్తయినట్టు కాదు.